మనిషి స్థిరపడేది రెండుసార్లు

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను బాబూ. తొమ్మిదేళ్ల ఉద్యోగంలో చెన్నై, పుణె, గురుగ్రామ్, బెంగళూరు అయ్యాయి. ఇప్పుడు కంపెనీ హైదరాబాద్ వెళ్తావా అంటోంది. పాప వచ్చే జూన్‌లో ఒకటో తరగతి. మీ ఆవిడదీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగమే. అమ్మానాన్నలు భీమవరం దగ్గర ఊళ్లో ఉన్నారు, నాన్నగారికి స్టెంట్ పడింది. హైదరాబాద్‌లో ఫ్లాట్ కొనాలా, వైజాగ్‌లో ఒకటి కొని పడేసి ఉంచుకోవాలా, ఊళ్లో పాత ఇల్లు పడగొట్టి కొత్తది కట్టాలా అని అడిగారు. చివర్లో "ఎక్కడున్నా మనది కాని చోట ఉన్నట్టే ఉంది" అని ఒక మాట రాశారు. ఆ మాట చూశాకే కూర్చుని ఇంత వివరంగా రాయాలనిపించింది.

నేను బ్యాంకులో 35 ఏళ్లు పనిచేసి 2019లో రిటైరయ్యాను. ఏలూరులో మొదలై హుబ్బళ్లి, బరంపురం, హైదరాబాద్, నాగపూర్, విజయవాడ, కోల్‌కతా, మళ్లీ హైదరాబాద్. ఏడు బదిలీలు, పదకొండు అద్దె ఇళ్లు. మాకు ఆర్డర్లు ఎక్కువగా ఎండాకాలంలోనే వచ్చేవి. మా ఆవిడ మే నెలలో ఆవకాయ పెట్టేది, అది ఊరకముందే సామాను లారీ ఎక్కేది. జాడీని మాత్రం లారీకి ఇచ్చేది కాదు. మూతకి పాత చీర ముక్క కట్టి, రైల్లో కాళ్ల మధ్య పెట్టుకుని కూర్చునేది. హుబ్బళ్లి నుంచి బరంపురం దాకా అలాగే తెచ్చింది. కాబట్టి మీరు రాసింది నాకు కొత్తగా ఏమీ అనిపించలేదు.

ఇన్నేళ్లలో నాకు అర్థమైంది ఇది. మనం స్థిరపడటం అనే ఒక్క మాటలో రెండు వేరు వేరు అవసరాలను కలిపేస్తున్నాం. పిల్లల చదువు సాగే పన్నెండు పదిహేనేళ్లకు కావలసిన ఊరు ఒకటి, ఉద్యోగం అయిపోయాక కావలసిన ఊరు ఇంకొకటి. మొదటిదానికి బడి, ఆఫీసు, ఇద్దరి ఉద్యోగాలు ముఖ్యం. రెండోదానికి డాక్టరు, నడవడానికి వీలున్న వీధి, పిలిస్తే పలికే మనుషులు ముఖ్యం. ఒక్కోసారి రెండూ ఒకే ఊళ్లో కుదురుతాయి, చాలామందికి కుదరవు. మీకిప్పుడు 34 ఏళ్లు. మీరు తేల్చుకోవాల్సింది మొదటిదే. వైజాగ్ ఫ్లాట్ ఆలోచన రెండోదానికి సంబంధించింది. దాన్ని ఇప్పుడే తేల్చబోతే ఏమవుతుందో నా విషయంలో జరిగింది చెబుతాను.

2006లో నేను నాగపూర్‌లో ఉండగా వైజాగ్ మధురవాడలో ఫ్లాట్ కొన్నాను. సముద్రం దగ్గర, గాలి బాగుంటుంది, రిటైరయ్యాక ఇద్దరం హాయిగా ఉండొచ్చు అనుకున్నాం. పదమూడేళ్లు అద్దెకిచ్చాం. అద్దె వచ్చినంతకాలం రిపేర్లూ వచ్చాయి. ఉప్పు గాలికి బాల్కనీ గ్రిల్స్ రెండేళ్లకోసారి తుప్పు గోకించి పెయింటు వేయించాల్సి వచ్చేది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటినప్పుడు నేను కోల్‌కతాలో ఉన్నాను. మూడు రోజులు ఎవరికీ ఫోన్ కలవలేదు. నాలుగో రోజు వాచ్‌మన్ దొరికాడు. "సార్, మీ హాలు కిటికీ ఫ్రేముతో సహా లేచిపోయింది" అన్నాడు. సెలవు దొరికి నేను వెళ్లేసరికి రెండు వారాలైంది. అద్దెకున్నవాళ్లు మంచివాళ్లు కాబట్టి పరుపుల కవర్లు కట్టి సర్దుకున్నారు. ఆ తర్వాతి నెలలో ఖాళీ చేశారు.

అదీ భరించాం. రిటైరయ్యాక అక్కడికి చేరాం. ఊరు చాలా బాగుంది, నేను ఊరిని ఒక్క మాటా అనను. కానీ మా అంతస్తులో నాలుగు ఫ్లాట్లుంటే రెండు తాళాలు వేసి ఉండేవి, మూడోదాంట్లో చదువుకునే కుర్రాళ్లు అద్దెకుండేవారు. పిల్లలిద్దరూ హైదరాబాద్‌లో స్థిరపడ్డారు. మా ఆవిడ అక్కచెల్లెళ్లు రాజమండ్రిలో. 2020 లాక్‌డౌన్‌లో తనకి జ్వరం వస్తే, మందులు తెచ్చి గుమ్మం ముందు పెట్టమని అడగడానికి నాకు వాచ్‌మన్ తప్ప ఎవరూ గుర్తుకు రాలేదు. పదిహేనేళ్లుగా ఆ ఇల్లు నా పేరు మీద ఉంది, ఆ వీధిలో మాత్రం నన్నెరిగినవాళ్లు లేరు. 2022లో అమ్మేశాం. ఇప్పుడు రాజమండ్రి దానవాయిపేటలో అద్దెకుంటున్నాం, రెండు వీధుల అవతల మా వదినగారు. సాయంత్రం ఆవిడ గిన్నెలో ఏదో ఒకటి పట్టుకుని వస్తుంది. 47 ఏళ్ల వయసులో నేను 60 ఏళ్ల నా అవసరాన్ని ఊహించలేకపోయాను. మీరు 34లో ఊహించలేరు. పాప ఎక్కడ చదువుతుందో, ఎక్కడ స్థిరపడుతుందో ఇప్పుడు ఎవరు చెప్పగలరు?

అందుకని వైజాగ్ ఫ్లాట్ వద్దు. పెట్టుబడిగా చూసినా, దూరంగా ఉన్న ఇల్లు ఇంకో చిన్న ఉద్యోగం అని గుర్తుంచుకోండి.

ఇక అసలు విషయం, పాప చదువు. ఊళ్లు మారే తల్లిదండ్రుల్లో చాలామందికి ఈ లెక్క తెలియదు, తెలిసేసరికి చేతులు దాటిపోతుంది. మన రెండు రాష్ట్రాల్లో ఇంజనీరింగ్, మెడిసిన్ లాంటి సీట్లకు లోకల్, నాన్‌లోకల్ ఉంది. రాజ్యాంగంలోని 371డి అధికరణం కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వులనుంచీ ఉన్న ఏర్పాటు ఇది. సూటిగా చెప్పాలంటే, ఇంటర్ రెండో సంవత్సరంతో ముగిసే నాలుగేళ్లు, అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు, వరుసగా ఎక్కడ చదివితే అక్కడి లోకల్. ఆధార్ కార్డులో ఏ అడ్రసు ఉందన్నది కాదు, తాతగారి పొలం ఎక్కడుందన్నదీ కాదు.

మావాడు తొమ్మిది, పది నాగపూర్‌లో చదివాడు. ఇంటర్ కోసం విజయవాడ పంపాం. 2008లో ఎంసెట్ రాశాడు, ర్యాంకు బాగానే వచ్చింది. కౌన్సెలింగ్‌కి వెళ్లాక తెలిసింది, 85 శాతం లోకల్ సీట్లలో వాడికి చోటు లేదని. రాష్ట్రంలో మా పదేళ్ల నివాసానికి ఎమ్మార్వో ఆఫీసులో సర్టిఫికెట్ తెచ్చి, మిగిలిన 15 శాతానికి అర్హత సంపాదించాం. ఆ 15 శాతానికి లోకల్ పిల్లలూ పోటీపడతారు. వాడికంటే వెనక ర్యాంకు వచ్చిన రూమ్మేటుకి కోరుకున్న కాలేజీ దొరికింది, వాడికి దొరకలేదు. కౌన్సెలింగ్ హాలు బయట మెట్ల మీద కూర్చుని "నాన్నా, నేను ఎక్కడి లోకల్?" అని అడిగాడు. నా దగ్గర సమాధానం లేదు. ఆ రోజు నా బదిలీల మీద నాకు వచ్చినంత కోపం ఇంకెప్పుడూ రాలేదు.

ఇప్పుడు రూలు ఇంకా బిగిసింది. 2014 విభజన చట్టంలో రెండు రాష్ట్రాల ఉమ్మడి ప్రవేశాలకు ఇచ్చిన పదేళ్ల గడువు 2024 జూన్ 2తో అయిపోయింది. ఇక ఏ రాష్ట్రం దారి ఆ రాష్ట్రానిదే. తెలంగాణ ఎంబీబీఎస్ సీట్లకు తొమ్మిది నుంచి ఇంటర్ దాకా అక్కడే చదివి ఉండాలన్న నిబంధన మీద పెద్ద వ్యాజ్యం నడిచి, 2025లో సుప్రీంకోర్టు ఆ నిబంధనను సమర్థించింది. తెలంగాణ ప్రభుత్వ ఉద్యోగాలకైతే 2018 ఉత్తర్వుల ప్రకారం ఒకటి నుంచి ఏడో తరగతి వరకు ఎక్కడ ఎక్కువకాలం చదివారో చూస్తారు, 95 శాతం పోస్టులు లోకల్‌వాళ్లవే. కొన్ని సర్వీసులవాళ్లకి మినహాయింపులున్నాయి, వాటిని నమ్ముకుని కూర్చోవద్దు. మీరు చేరే సమయానికి ఆ ఏడాది నోటిఫికేషన్ ఒకసారి చదవండి, ఈ రూల్స్ మారుతుంటాయి.

కాబట్టి మీ గడువు ఇప్పటికే ఖరారైపోయింది. పాప ఒకటో తరగతిలో చేరుతోంది, తొమ్మిదికి ఇంకా ఎనిమిదేళ్లుంది. ఈ ఎనిమిదేళ్లలో ఇంకో ఊరు మారినా కాలేజీ సీటు లెక్కలో పెద్ద నష్టం లేదు. తొమ్మిదో తరగతి జూన్‌కి మాత్రం ఎక్కడుంటారో అక్కడ నాలుగేళ్లు కదలకూడదు. కదలాల్సి వస్తే మీరొక్కరే కదలండి, ఇల్లు కదపకండి.

భాషల సంగతి కూడా ఉంది. తమిళనాడులో 2006 చట్టంతో తమిళం, కర్ణాటకలో 2015 చట్టంతో కన్నడం, తెలంగాణలో 2018 చట్టంతో తెలుగు బళ్లలో తప్పనిసరి అయ్యాయి. మూడో తరగతిలో మారిన పిల్ల కొత్త లిపి పట్టేస్తుంది. ఏడో తరగతిలో మారిన పిల్లకి తోటివాళ్లు పద్యాలు అప్పజెబుతుంటే అక్షరాలు దిద్దుకోవడం నామోషీగా ఉంటుంది. మా అమ్మాయి అలా బాధపడింది. హైదరాబాద్ వచ్చేట్టయితే ఒకటో తరగతికే రండి, పాపకి తెలుగు మొదటినుంచీ పడుతుంది. మీకు దొరికిన ఈ సమయం నిజంగా మంచి సమయం.

ఇంకో మాట, ఇది మీరు అడగలేదు. మీ ఆవిడ ఉద్యోగం గురించి ఒక్క వాక్యమే రాశారు. మా ఆవిడ బయాలజీ టీచరు. ఆరు బళ్లలో పనిచేసింది. ప్రతి ఊళ్లోనూ అందరికంటే జూనియర్ తనే. గ్రాట్యుటీకి ఒకే సంస్థలో ఐదేళ్లు నిండాలి కదా, తన ఎక్కువ సర్వీసు నాలుగేళ్ల రెండు నెలలు. ఇరవై ఏళ్లు పాఠాలు చెప్పి ఒక్క బడినుంచీ గ్రాట్యుటీ రాలేదు. నా ప్రమోషన్లన్నీ తన సర్వీసు తెగ్గొట్టి తెచ్చుకున్నవే. ఈ మాట తనకి చెప్పడానికి నాకు రిటైర్‌మెంట్ దాకా పట్టింది. మీరు ఊరు ఎంచుకునేటప్పుడు ముందు ఆవిడ ఆఫీసు ఎక్కడో, ఆవిడకి ఆ ఊళ్లో ఇంకో రెండు కంపెనీల్లో అవకాశం ఉందో లేదో చూడండి. మీ కంపెనీ మిమ్మల్ని ఎలాగూ తిప్పుతుంది. ఆ లెక్కన చూసినా మీకు హైదరాబాదే సరైనది.

అయితే రాగానే కొనకండి. మీరు రాసిన లెక్కే తీసుకుందాం. ఫ్లాటు 80 లక్షలు, మీ చేతిలో 26 లక్షలు. రిజిస్ట్రేషన్ ఖర్చు ఏడున్నర శాతం, అంటే 6 లక్షలు అక్కడే అయిపోతాయి. నిర్మాణంలో ఉన్నదైతే మామూలుగా 5 శాతం జీఎస్టీ అదనం. మిగిలిన 60 లక్షలు ఎనిమిదిన్నర శాతం వడ్డీకి, ఇరవై ఏళ్లకు తీసుకుంటే నెలకి 52 వేలు. మూడేళ్లు కడితే మీ జేబులోంచి 18 లక్షల 70 వేలు పోతుంది, అప్పులో అసలు తగ్గేది 4 లక్షల లోపే. ఆ సమయంలో కంపెనీ మళ్లీ పుణె పొమ్మంటే, అమ్మితే రిజిస్ట్రేషన్ ఖర్చు తిరిగి రాదు, అద్దెకిస్తే ఈఎంఐలో సగం కూడా రాకపోవచ్చు. పాత పన్ను విధానంలో ఉండి ఇంటి అప్పు అసలుకు పన్ను మినహాయింపు వాడుకుని ఉంటే, ఐదేళ్లలోపు అమ్మితే ఆ మినహాయింపూ వెనక్కి పోతుంది. నా దగ్గరికి లోన్లకి వచ్చిన కుర్రాళ్లకు ఒకటే చెప్పేవాణ్ని: ఏడేళ్లు ఆ ఇంట్లో ఉంటానని గట్టిగా అనుకుంటేనే సంతకం పెట్టు.

రెండేళ్లు అద్దెకుండండి. అదీ కొనాలనుకుంటున్న వీధిలోనే. మీ ఆఫీసు గచ్చిబౌలి వైపు అన్నారు కదా. కూకట్‌పల్లి, నిజాంపేట, మియాపూర్, చందానగర్ వైపు గోదావరి జిల్లాలవాళ్లు చాలామంది ఉన్నారు. నేను చందానగర్ వైపే చూడమంటాను. లింగంపల్లి స్టేషన్ దగ్గర, రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి భీమవరం. ఏడాదికి ఎన్నిసార్లు ఊరెళ్తారో లెక్కేసుకుంటే, రెండు పెట్టెలు, చిన్నపిల్లతో సికింద్రాబాద్ దాకా వెళ్లక్కర్లేకపోవడం ఎంత సుఖమో తెలుస్తుంది.

కొనే ముందు ఏప్రిల్, మే నెలల్లో ఆ అపార్ట్‌మెంటుకి వెళ్లి వాచ్‌మన్‌తో నింపాదిగా మాట్లాడండి. ట్యాంకర్ల పుస్తకం ఉంటుంది, అడిగితే చూపిస్తాడు. మంజీర నీళ్లు రోజు విడిచి రోజు వస్తున్నాయా, బోరు ఏ నెలలో ఎండింది, రోజుకి ఎన్ని ట్యాంకర్లు దిగాయి, అంతా అందులోనే ఉంటుంది. నేను మా అబ్బాయికి ఇల్లు చూసినప్పుడు ఒకచోట మే నెల పేజీ నిండిపోయి, అట్ట లోపలి వైపు కూడా పెన్సిల్‌తో రాసుకున్నారు. ఆ బిల్డర్ బ్రోషర్‌లో స్విమ్మింగ్ పూల్ ఉంది. మేం మెట్లు దిగి వచ్చేశాం. తర్వాత వానాకాలంలో ఒక పెద్దవాన పడ్డ మర్నాడు వెళ్లి సెల్లారు చూడండి. చెరువు పక్క స్థలమైతే ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీళ్లు చేరే హద్దు), దాని చుట్టూ కట్టకూడని బఫర్ జోన్ మ్యాపు చూడనిదే అడ్వాన్సు ఇవ్వకండి. రెరా నంబరు (ప్రాజెక్టు ప్రభుత్వ నమోదు), ఓసీ (ఇంట్లో చేరడానికి అనుమతి పత్రం), లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు) లాయరు చూస్తాడు. ట్యాంకర్ల పుస్తకం మాత్రం మీరే చూడాలి.

ఊళ్లో ఇల్లు పడగొట్టకండి. మీ నాన్నగారు పుట్టి పెరిగిన ఇల్లు, ఆయనకి చీకట్లో కూడా గడప ఎక్కడుందో తెలుసు. 40 లక్షలు పెట్టి కట్టిన కొత్త ఇంట్లో ఆయనా అమ్మా కింద ఒక గదిలో ఉంటారు, పైన మీ కోసం కట్టిన మూడు గదులకి తాళం ఉంటుంది. అందులో పదో వంతు ఖర్చుతో పడకగదికి ఆనుకుని బాత్రూం కట్టించండి. వెస్ట్రన్ కమోడ్, పక్కన గోడకి పట్టుకోవడానికి స్టీలు రాడ్డు, జారని టైల్స్. కరెంటు పోతే ఫ్యానూ లైటూ నడిచేలా ఇన్వర్టర్. భీమవరంలో రాత్రిపూట గుండె డాక్టరు ఎవరుంటారో, ఏ ఆసుపత్రిలో ఉంటారో కనుక్కుని ఆ నంబరు నాన్నగారి ఫోన్‌లోనే కాదు, పక్కింటివాళ్ల ఫోన్‌లో కూడా వేయించండి.

ఇక కాగితాలు. పాప ఏ ఊళ్లో ఏ తరగతి చదివినా స్టడీ సర్టిఫికెట్ ఏటా తీసుకుని ఒక ఫైల్లో పెట్టండి. పదేళ్ల తర్వాత ఆ బడి ఉంటుందన్న నమ్మకం లేదు. కారు వేరే రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉంచితే అక్కడ మళ్లీ రిజిస్టర్ చేయించాలి, అందుకు పాత ఆర్టీఓ నుంచి ఎన్ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న పత్రం, కావాలి. ఇంకా తిరుగుడు ఉంటుందనుకుంటే, మీ కంపెనీకి నాలుగు రాష్ట్రాల్లో ఆఫీసులుంటే, తర్వాతి బండికి 2021లో వచ్చిన బీహెచ్ సిరీస్ నంబరు, అంటే రాష్ట్రం మారినా మళ్లీ రిజిస్టర్ చేయించక్కర్లేనిది, కుదురుతుందేమో అడగండి. ఓటు మార్పుకి ఫారం 8. ఇది చిన్న విషయం అనిపిస్తుంది కానీ, నేను కోల్‌కతాలో ఉన్నన్నాళ్లూ ఓటు మార్చుకోలేదు, ఆ ఊరితో నాకేం పనన్నట్టే ఉన్నాను. ఊరు కూడా నాతో అలాగే ఉంది.

అక్కడినుంచే మీ చివరి మాటకి వస్తాను. నాకు హైదరాబాద్‌లో, మన భాష మాట్లాడే ఊళ్లో, మొదటి మూడేళ్లు పరాయిగా ఉండింది. బరంపురంలో అలా లేదు. అక్కడ బజారులో సగం మంది తెలుగే మాట్లాడతారు, అది ఒక కారణం. ఇంకో కారణం, మా ఆవిడ వెళ్లిన మొదటి వేసవిలోనే మామిడికాయలు కొట్టడానికి పై వాటా ఒడియా ఆవిడని పిలిచింది. ఆ ఏడాది రెండిళ్లకీ ఒకే బేసినులో ఆవకాయ కలిపారు. హైదరాబాద్‌లో మాత్రం "ఎన్నాళ్లుంటాంలే" అనుకుంటూ మూడేళ్లు అట్టపెట్టెలు కూడా పూర్తిగా విప్పలేదు. మీరు మాత్రం వెళ్లిన వారంలోనే అన్నీ విప్పేయండి. గోడకి మేకు కొట్టడానికి ఓనరుని అడిగి పటాలు పెట్టుకోండి. పాపని ఒకే కూరల కొట్టుకి, ఒకే లైబ్రరీకి తిప్పండి. రెండేళ్లలో మళ్లీ మారాల్సి వచ్చినా సరే.

అమ్మానాన్నల్ని ఇప్పుడే వచ్చేయమని అడగకండి. వచ్చే వేసవిలో ఒక నెల రమ్మనండి. నాన్నగారి యాంజియో సీడీ, డిశ్చార్జి సమ్మరీ, ఇప్పుడు వాడుతున్న మందుల చీటీ వెంట తెచ్చుకోమనండి. వచ్చిన మొదటి వారంలోనే మీ ఇంటికి దగ్గర్లో ఒక కార్డియాలజిస్టుకి చూపించి, అక్కడ ఆయన పేరు మీద ఫైలు తెరిపించి ఉంచండి. ఆ నెలలో ఆయన సాయంత్రాలు ఎక్కడికి నడుస్తున్నారో, ఎవరితో మాట్లాడుతున్నారో గమనించండి. పార్కు బెంచీ మీద ఇద్దరు ముగ్గురు భీమవరం వైపువాళ్లు దొరికితే, రెండో వేసవికి ఆయనే వస్తానంటారు.